ఎంచి తెచ్చిన గాలం

తక్కెడలో ఒక పక్క ఇత్తడి రీలు, ఇంకో పక్క పావుసేరు రాయి. రంగప్ప గొంతుక్కూర్చుని, పొద్దుటెండకు కన్ను చికిలించి, ముల్లు ఎటు వాలుతుందా అని చూస్తున్నాడు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన ఏడది. హిందూపురం బజారులో జనానికి ప్రతి తూకం మీదా అనుమానమే. అయినా చేపలు పట్టే చక్రాన్ని తూచి కొనే మనిషిని నాగరాజు అంతవరకు చూడలేదు.

నాగరాజుది సైకిలు షాపు. బెంగుళూరులో దొరలు బంగళాలు ఖాళీ చేసి పోయినప్పుడు వేలంలో పాడుకొచ్చిన సామానంతా షాపు వెనకగదిలో పోసి పెట్టాడు. నరాలు తెగిన టెన్నిసు బ్యాట్లు, మూగబోయిన గ్రామఫోను పెట్టెలు, ఎవరి కాలికీ పట్టని బూట్లు. ఆ కుప్పలోంచే ఈ రీళ్ళు బయటికొచ్చాయి. తక్కెడ మాత్రం పక్కనున్న చిల్లరంగడిది.

"ఏమప్పా, బెల్లం కొంటాండావా, రీలు కొంటాండావా?" అన్నాడు నాగరాజు.

"బెల్లమైతే నాలిక మీదేసుకొని చూస్తును. ఇది చేతికి గదా కావాల్సింది."

"నీ చెయ్యి గడ్డపార మాదిరుండాది. నీకు బరువేంది?"

"నాకు కాదులే," అన్నాడు రంగప్ప, రాయి తీసి ఇంకో చిన్నరాయి పెడుతూ. "ధర్మవరంలో బాలప్పని, పట్టుచీరలు నేస్తాడు. ఏడు నెలల కింద కుడిపక్క పడిపోయింది. ఇప్పుడు చెయ్యి లేస్తాంది. సేరు నీళ్ళ చెంబు ఎత్తినాడు, నేనే ఎదురుగా నిలబడి చూసినా."

"మరి మగ్గం ఎక్కినాడా?"

"ఇంకా లేదు."

చెంబు ఎత్తగలిగిన మనిషి మగ్గమెందుకు ఎక్కలేదో నాగరాజు అడగలేదు. రంగప్పకూ ఆ ప్రశ్న తట్టలేదు. ఆయన తలలో ఉన్నది ఒకటే లెక్క: సేరు ఎత్తే చెయ్యి, అరసేరు గాలాన్ని ఎత్తదా?

ఇద్దరూ ముప్ఫై ఏళ్ళుగా ఒకే చెరువుకట్టమీద కూర్చుని కొరమీన్లు పట్టినవాళ్ళు. రంగప్పకు బత్తలపల్లి దారిలో వేరుశెనగ చేను, బాలప్పకు ధర్మవరంలో మగ్గం. చేపలు బాలప్పకు ఎక్కువ పడేవి, కథలు రంగప్పకు ఎక్కువ పడేవి. ఒక కొరమీను తనను ఈ కట్టనుంచి ఆ కట్టదాకా ఈడ్చుకుపోయి, ఆడ గట్టుమీద తలపెట్టి బీడీ అడిగిందని రంగప్ప చెబుతుంటే, "ఇచ్చినావా?" అని అడిగేవాడు బాలప్ప. "అగ్గిపెట్టె తడిసిపోయింది గదప్పా," అనేవాడు రంగప్ప. ఆ 'ఇచ్చినావా' అనే మాట ఏడు నెలలుగా వినబడడం లేదు. ఇదివరకటి పదిహేనడుగుల వెదురుగడను బాలప్ప చెయ్యి మోయలేకపోతున్నది. ఊరికే వచ్చి పక్కన కూర్చోమంటే బాలప్ప ఒప్పలేదు. "కట్టమీద రాయి మాదిరి కూర్చోని నిన్ను చూసేకి నేను రాను. నా చేత్తో నేను ఇసిరి, నేను లాగే దినమొస్తే పిలువు," అన్నాడు. ఆ తర్వాత ఎవరితోనూ పెద్దగా మాట్లాడింది లేదు.

ఆ మాటే పట్టుకుని రంగప్ప పాసింజరెక్కి హిందూపురం వచ్చాడు.

నాగరాజు రెండు రీళ్ళు ముందర పెట్టాడు. "ఇది మోటుది. పిడి ఒక సుట్టు తిప్పితే దారం సుట్టిన కండె ఒకే సుట్టు తిరుగుతాది. ముందుగా దారం చేత్తో పీకి కింద పోసుకొని ఇసరల్ల. ఎర గట్టు పక్కనే పడతాది. ఇదైతే ఒక సుట్టుకు నాలుగు సుట్లు. ఇసిరితే దానంతట అదే దారం ఇడుస్తాది. నడి చెరువులో తుంగ పక్కన పడాలంటే ఇదే."

"బరువు?"

"నువ్వే తూస్తివి గదప్పా. రెండూ ఒకటే."

"అట్లయితే నాలుగు సుట్లదే. బాలప్ప గట్టు పక్కన పరిగెలు పట్టే మనిషి కాదు."

"దీంతో ఒకటుండాది సూడు," అని నాగరాజు రీలును ఒక సైకిలు పంపుకు కట్టి, దారం చివర ఇనుపనట్టు ముడేసి వీధిలోకి తెచ్చాడు. "కండె మీద బొటనేలు ఉండల్ల. ఇసిరేటప్పుడు ఒదులు చెయ్యల్ల. నట్టు కిందికి దిగేటప్పుడు మెత్తగా అదమల్ల. అదమకపోతే నట్టు నిలబడినా కండె నిలబడదు. దారమంతా కాకిగూడవుతాది."

రంగప్ప మొదటిసారి విసిరిన నట్టు ఎదురింటి దర్జీ పందిట్లో తగులుకుంది. రెండోసారి కాకిగూడు. మూడోసారి నట్టు ముందుకు పోకుండా వెనక్కి పోయి, షాపులో వేలాడుతున్న సైకిలు గంటను మోగించింది. "కస్టమరొచ్చినాడు సూడు," అన్నాడు రంగప్ప. వీధి జనం పనులు మానుకుని చేరారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆయన వేలికి విద్య పట్టుబడింది. దారం వేలి కింద చీమ పాకినట్టు తెలుస్తుంది. ఆ చీమ నడక తగ్గగానే అదమాలి. అంతే. నట్టు పోయి ఎక్కడ పడమంటే అక్కడ పడుతున్నది. అరవయ్యేళ్ళ మనిషి నట్టు తెచ్చుకోవడానికి పరుగెత్తుతున్నాడు.

నాగరాజు ఎర్రరంగు పూసిన కొయ్యచేపను కూడా చూపించాడు. దాని పొట్ట కింద మూడు మొనల గాలాలు రెండు వేలాడుతున్నాయి. రంగప్ప దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది పెండ్లికి పోతాండే చేప మాదిరుండాది. మా ధర్మవరం కొరమీను దీన్ని చూస్తే తినదు, చదివింపులిచ్చి పోతాది," అన్నాడు. గాలాలు మాత్రం ఊడదీయించుకున్నాడు. ఎర తేలికైతే దారం లాగదని నాగరాజు చెబితే, తులం తులం సీసపు గుండ్లు నాలుగు ఏరుకున్నాడు. వాటినీ తూచాడు.

మర్నాడు పెనుకొండలో దిగాడు. కొండ కింద మేదరి ఉలిగమ్మ తట్టలల్లుతూ కూర్చుని ఉంది. ఆమె పెరట్లో గట్టి వెదుళ్ళు పొగపట్టించి నిలబెట్టి ఉన్నాయి.

"గడ కాదు ఉలిగమ్మా. ఆరడుగుల బెత్తం మాదిరిది కావల్ల. బలంగా ఉండల్ల, బరువుండకూడదు."

"బలముండేది బరువుండదా సామీ?" అంటూనే లేచింది. ఒక్కొక్క వెదురునూ కొన పట్టుకుని వంచి, వదిలి, అది ఎన్నిసార్లు ఊగి నిలబడుతుందో చూసింది. ఎక్కువసేపు ఊగినదాన్ని పక్కన పెట్టింది. వంగకుండా బిగుసుకున్నదాన్నీ పక్కన పెట్టింది. ఏడో దానిదగ్గర ఆగి, కణుపులు లెక్కబెట్టి, కుంపటి మీద కాచి, మోకాటికి ఆనించి వంకర తీసింది. చిక్కుబడకుండా దారం పారడానికి రాగితీగ ఉంగరాలు అయిదు చుట్టి, లక్కపోసి అంటించింది. పిడి చెక్కే దగ్గరికి వచ్చి కత్తి ఆపింది.

"ఇది పట్టేది నువ్వేనా?"

"కాదు. నా స్నేహితుడు."

"ఆయప్ప చెయ్యి తేవల్ల గదా సామీ. కొలత యాడ తీసుకునేది?"

"ఇద్దరిదీ ఒకటే కొలత. ముప్ఫై ఏండ్ల సంది ఒకే చెంబులో తాగినాం," అని రంగప్ప తన అరచెయ్యి చాపాడు. ఉలిగమ్మ ఆ చేతిని చూసి, బొటనవేలు ఎక్కడ ఆనుతుందో బొగ్గుతో గీతపెట్టి, అక్కడ పిడి కొంచెం గుంత చేసింది. రంగప్ప ఆ గుంతలో వేలు పెట్టి చూసుకున్నాడు. పాత చెప్పులో కాలు దూరినట్టు సరిపోయింది.

మిగిలింది దారం. అది ధర్మవరంలోనే ఉంది. బాలప్ప ఉండే వీధికి రెండు వీధుల అవతల చౌడక్క పట్టుకు పురివేస్తుంది. రంగప్ప వెళ్ళేసరికి నీళ్ళ పొయ్యి రాజేస్తున్నది.

"ఎనిమిది పోగులు కలిపి పురేస్తాలే. రేపు రా, సోడాలో ఉడకేసి మెత్తగా చేసిస్తా. ఏం రంగు?"

"ఉడకెయ్యద్దక్కా. రంగొద్దు. బంక పోతే బలం పోతాది. ఇది కట్టుకునేది కాదు, లాగేది."

చౌడక్క నవ్వింది. "పట్టును ఉడకెయ్యద్దనే మనిషిని ఈ ఊర్లో ఇప్పుడే చూస్తాండా." రాట్నం ముందు కూర్చుని పోగులు కలిపింది. పురి ఎక్కిన దారాన్ని కళ్ళు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా జారనిచ్చింది. ఒకచోట ఆగింది. "ఈడ బొడిపె ఉండాది," అని కళ్ళు తెరవకుండానే గోటితో గీరి సరిచేసింది. రంగప్ప వంగి చూశాడు. ఆయన కంటికి అక్కడ ఏమీ కనబడలేదు.

"ఇంతకీ ఎవరికి?" అంది.

"బాలప్పకు."

చౌడక్క కళ్ళు తెరిచింది. రాట్నం ఆగింది. "బాలప్ప పట్టు ముట్టుకోక ఏడు నెలలాయ," అంది. ఇంకేదో అనబోయి రంగప్ప ముఖం చూసి మానుకుంది. ఆ ముఖం తిరనాళ్ళకు పోయేవాడి ముఖంలా ఉంది. అట్లాంటి ముఖానికి ఎవరేం చెప్పగలరు? మళ్ళీ రాట్నం తిప్పింది.

సాయంత్రం రంగప్ప సరంజామా అంతా గోనెలో చుట్టి బాలప్ప ఇంట్లో దించాడు. మగ్గం గుంతమీద, నేసేవాడు కాళ్ళు దించే చోట, పలకలు పరిచి ఉన్నాయి. బాలప్ప వాటిమీద గోడకానుకుని కూర్చున్నాడు. బాలప్ప భార్య కుళ్ళాయమ్మ మంచినీళ్ళు తెచ్చి రంగప్ప చేతికిచ్చింది. భర్త చెంబును మాత్రం చేతికివ్వకుండా ఎదురుగా పెట్టింది. బాలప్ప ముందు చెంబును చూశాడు, తర్వాత తన వేళ్ళను చూశాడు, వేళ్ళు చెంబు చుట్టూ చేరినాక కూడా చూపు తీయకుండా ఎత్తి తాగాడు.

"చూస్తివా, ఎత్తినాడు," అన్నాడు రంగప్ప కుళ్ళాయమ్మతో. ఆమె "ఊఁ అన్నా," అంది.

గోనె విప్పాడు. హిందూపురం దర్జీని గురించి, ఉలిగమ్మ కత్తిని గురించి, రెండింతలు కలిపి చెప్పాడు. సీసపు గుండ్లు వేసి మొత్తం తూచితే అరసేరుకు ఒక్క తులం తక్కువని చెప్పాడు. బాలప్ప ఎడమచేత్తో రీలు తీసుకుని పిడి తిప్పాడు. కండె గిర్రున తిరిగింది.

"మంచి కండె," అన్నాడు. ఆ వారంలో ఆయన నోట వచ్చిన మొదటి మాట అదేనని కుళ్ళాయమ్మ తర్వాత చెప్పింది.

"దాని మీద బొటనేలు పెట్టల్ల. చీమ పాకినట్టు తెలుస్తాది. చీమ నిదానిస్తానే అదుము. అంతే."

బాలప్ప కుడిచేతి బొటనవేలిని ఎడమచేత్తో పట్టి కండె మీద పెట్టాడు. పెట్టి, దానివంక చాలాసేపు చూశాడు. తర్వాత రంగప్ప వంక చూశాడు. రైలుపొగ మసి ఇంకా పోని ఆ మెడ, నట్టు తగిలి వాచిన ఆ కణత, అన్నీ చూశాడు.

"ఎల్లుండి పోదాం," అన్నాడు. "అంతదాకా ఈడనే పెట్టిపో."

రంగప్ప ఇంటికి నడిచిపోలేదు, తేలిపోయాడు.

మూడోనాడు తెల్లారేసరికి ఎద్దులబండి వాకిట్లో ఉంది. బండిలో వరిగడ్డి, గడ్డిమీద దుప్పటి, ముంతలో కప్పపిల్లలు. కుళ్ళాయమ్మ గాలాన్ని తెచ్చి బండిలో పెట్టి, "అన్నా, పైలంగా తోలుకొనిరా," అంది. గాలాన్ని గురించి అన్నదో మనిషిని గురించి అన్నదో రంగప్ప ఆలోచించలేదు. రెండూ తెస్తానన్నాడు.

ఆ యేడు చెరువు సగానికిపైగా నిండింది. తుంగ పచ్చగా లేచింది. కట్టకింద చదునైన రాతిమీద బాలప్పను నిలబెట్టి, రంగప్ప గాలానికి కప్పను గుచ్చి, పైన సీసపుగుండు సరిచూశాడు. తుంగ పక్కన నీళ్ళు ఒకసారి బుడుక్కుమన్నాయి.

"ఆడనే ఉండాడు మనోడు. బీడీ కోసం చూస్తాండాడు. ఎయ్యి."

బాలప్ప చెయ్యి లేచింది. అరసేరుకు తులం తక్కువ బరువు తేలిగ్గా వెనక్కి పోయి, ముందుకు వచ్చింది. వెదురు వంగింది, విప్పుకుంది. కప్ప ఎగిరింది. రంగప్ప గుండె దానివెంట ఎగిరింది. సగం దూరంలో, ఏమీ తగలకుండానే, కప్ప గాలిలో ఆగి వెనక్కి గుంజుకుని నీళ్ళలో పడింది. రీలుమీద దారం పొంగిన పాలలా లేచి నిలబడింది.

"ఏం కాదులే. నాకు పదకొండుసార్లయింది. ఆ దర్జీనడుగు."

ఆ చిక్కు తొందరగానే వదిలింది. రెండోసారి బాలప్ప వేలు గట్టిగా నొక్కిపెట్టాడు. కప్ప ఆయన కాళ్ళముందే పడింది. మూడోసారి మళ్ళీ పొంగింది. నాలుగోసారి రంగప్ప కప్పను చూడడం మాని బాలప్పను చూశాడు. అప్పుడు తెలిసింది.

బాలప్ప తన బొటనవేలిని చూస్తున్నాడు. చూడకపోతే అది ఎక్కడున్నదో ఆయనకు తెలియదు. వేలిని చూస్తే కప్ప ఎక్కడ పోతున్నదో తెలియదు. కప్పను చూస్తే వేలు కండెమీద ఉన్నదో, లేచిందో, అదిమిందో తెలియదు. చీమ పాకడం లేదు. కొండచిలువ పాకినా ఆ వేలికి తెలియదు.

అయిదోసారి దారం పరుగెత్తుతుండగా బాలప్ప వేలిని కళ్ళతోనే వెతుక్కుని అదిమాడు. ఈసారి కప్ప తుంగదాకా పోయింది. రంగప్ప నోరు తెరవబోయాడు. అంతలో ఉడకెయ్యని తెల్లదారం మీద ఎరుపు కనబడింది.

"నీ ఏలు," అన్నాడు.

"ఏమైంది?" అని బాలప్ప చేతిని పైకెత్తి చూశాడు. దారం బొటనవేలి కండను లోతుగా కోసింది. నెత్తురు మణికట్టుదాకా పారుతున్నది. ఆయన దాన్ని పక్కింటివాళ్ళ చెయ్యిని చూసినట్టు చూశాడు. "ఓ," అన్నాడు.

రంగప్ప రుమాలు చింపి వేలికి గట్టిగా కట్టాడు. కడుతూ ఎంత బిగించినా బాలప్ప ముఖంలో ఏ రేఖా కదలలేదు. సేరు చెంబులు, పావుసేరు రాళ్ళు, తులం గుండ్లు, అన్నీ తూచాడు రంగప్ప. హిందూపురంలో తన వేలు నేర్చుకుంది. పెనుకొండలో తన చెయ్యి కొలత ఇచ్చింది. మగ్గమెందుకు ఎక్కలేదని ఒక్కసారి అడిగుంటే సరిపోయేది.

వేలు తెగినా కండె ఆగలేదు; రీలుమీద ఈసారి పడిన చిక్కు మామూలుది కాదు. రంగప్ప నడుంలోంచి చాకు తీశాడు.

"కొయ్యద్దు," అన్నాడు బాలప్ప. రాతిమీద కూర్చుని రీలును ఒళ్ళో పెట్టుకున్నాడు. దారం కొస కోసం వెతకలేదు. పైనున్న వదులు ఉచ్చును ఎడమచేతి చూపుడువేలితో లేపి, ఊది, కొంచెం కదిపి వదిలాడు. ఎక్కడా లాగలేదు. బిగిసినచోట నోటితో తడిచేశాడు. ఒక పోగును పంటితో పట్టుకుని, దాని కిందనుంచి ఇంకో పోగును తప్పించాడు. రంగప్ప రెండు చేతులూ చాపి, వచ్చిన దారం పట్టుకుని కూర్చున్నాడు. పొద్దు బారెడెక్కింది.

సగం విడిపోయినాక బాలప్పే అన్నాడు. "నువ్వు ఇచ్చిపోయిన దినమే తెలిసిందిలే. వాకిట్లో ఇసిరి చూసినా. రెండు దినాలూ చూసినా. నీకు చెప్పద్దని కుళ్ళాయమ్మతో నేనే అంటి."

రంగప్ప దారం పట్టుకున్న చేతులు దించాడు. "మరెందుకొచ్చినావు?"

"చెబితే నమ్మే మనిషివా నువ్వు? ఈ చక్రం సరిలేదని బెంగుళూరు పోతావు. అది కాకుంటే మద్రాసు పోతావు. నేను పోయేదాకా చక్రాలు తూస్తానే ఉంటావు." పంటితో ఇంకో పోగు వదులుచేసి, "కండ్లారా చూస్తే ఆగుతావని వచ్చినా," అన్నాడు.

రంగప్ప దగ్గర దేనికైనా ఒక కథ ఉండేది. ఎండాకాలానికి ఒకటి, కరువుకు ఒకటి, చావుకైనా ఒకటి. ఇప్పుడు పై పంచెతో ముఖం తుడుచుకుని, "ఎండ," అన్నాడు.

చిక్కంతా విడిపోయింది. బాలప్ప దారాన్ని వరసగా, ఒక పోగుమీద ఒకటి ఎక్కకుండా కండెకు చుట్టాడు. పిడి తిప్పింది రంగప్ప. దారాన్ని ఎడమచేత్తో నడిపించింది బాలప్ప. నెత్తురు తగిలినచోట ఎర్రగా ఒక మూర కనబడి, లోపలికి చుట్టుకుపోయింది.

"పోదాం పా. బండి కడతా," అన్నాడు రంగప్ప.

"నువ్వెయ్యి," అన్నాడు బాలప్ప.

"ఇంగెందుకప్పా."

"నువ్వెయ్యి. నేను చూస్తా."

రంగప్ప లేచాడు. రాతిమీద బాలప్ప కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, చెరువువైపు తిరిగి సర్దుకుని కూర్చున్నాడు. చూడడానికి సర్దుకున్నాడు. రంగప్ప గాలాన్ని వెనక్కి తీసి విసిరాడు. కప్ప ఎత్తుగా పోయింది. వేలి కింద చీమ పాకింది, నడక తగ్గింది. అదమాల్సిన క్షణం ఆయనకు స్పష్టంగా తెలిసింది. కళ్ళలో నీళ్ళకు తుంగ, నీళ్ళు, ఆకాశం ఒకటైపోయాయి. వేలు లేచిపోయింది.

రీలుమీద దారం పొంగి నిలబడింది.

"జారింది," అన్నాడు రంగప్ప, వెనక్కి తిరగకుండా. అది జారిందో, తానే వదిలాడో, ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఎవరికీ కథగా చెప్పలేదు.

బాలప్ప కాసేపు ఆ వీపువంక చూశాడు. తర్వాత చిక్కుబడిన రీలు కోసం ఎడమచెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి," అన్నాడు.